అద్దె చెక్కు ఏ రోజున బ్యాంకులో వేయాలి

మా వంటగది గోడకు రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి తిథి, వర్జ్యం చూసుకోవడానికి. రెండోది బ్యాంకు వాళ్ళు ఇచ్చింది. దాని మీద ప్రతి నెలా 7, 12 తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది. కింది కొట్ల అద్దె చెక్కులు బ్యాంకులో వేసే రోజులవి. ఆ రెండు సున్నాలు కుదరడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత ఇల్లు. రోడ్డు వైపు రెండు కొట్లు. ఒకటి మ్యాచింగ్ సెంటరు, ఇంకోటి జిరాక్సు, స్టేషనరీ. పైన రెండు వాటాలు. ఒకదానిలో నేనుంటాను. రెండోదానిలో మిర్చి యార్డులో లెక్కలు రాసే అబ్బాయి కుటుంబం ఉంటుంది. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు పోయాక అద్దెల వ్యవహారం నా చేతికి వచ్చింది. లెక్కల టీచరుకు చెక్కులొక లెక్కా అనుకున్నాను. మొదటి రెండేళ్ళూ నేను చేయని తప్పు లేదు. కొత్తగా అద్దెలు చూసుకోవడం మొదలుపెట్టినవారికి, ముఖ్యంగా నాలాగా హఠాత్తుగా ఆ పని మీద పడ్డవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

పై వాటా అబ్బాయి అద్దె ఫోనులోనే పంపుతాడు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. కొట్లకు మాత్రం నేను చెక్కులే తీసుకుంటాను. 11 నెలల కరారు, 11 చెక్కులు. "రేపు పంపిస్తానండీ" అన్న మాట పట్టుకుని కోర్టుకు వెళ్ళలేము. సంతకం పెట్టిన చెక్కు తిరిగొస్తే వెళ్ళగలం. అయితే ఆ బలం చెక్కును సరైన రోజున వేసినవారికే ఉంటుంది.

చెక్కులు తీసుకునే రోజు

కరారు రాసుకునే రోజున టీ ఇచ్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, 11 చెక్కులూ నా ఎదుటే రాయిస్తాను. ఇంటి నుంచి రాసి తెస్తామంటే ఒప్పుకోను. దానికో కథ ఉంది. ఒకసారి ఆగస్టులో కరారు అయింది. అప్పట్లో స్టేషనరీ కొట్టు నడిపినాయన సెప్టెంబరు నుంచి జూలై దాకా చెక్కులు చక్కగా రాసి తెచ్చారు. నేను మొత్తం చూశాను, సంతకాలు చూశాను, డబ్బాలో పెట్టాను. జనవరి చెక్కు తీసి చూస్తే దాని మీద సంవత్సరం పాతదే ఉంది. జనవరి నుంచి జూలై దాకా ఏడు చెక్కులూ అంతే! బ్యాంకు లెక్కలో అవి ఏడాది కిందటి చెక్కులు, ఎప్పుడో మురిగిపోయినవి. దిద్ది సంతకం పెడితే సరిపోతుందనుకునే రోజులు కావివి. ఇప్పుడు క్లియరింగుకు, అంటే బ్యాంకులు తమలో తాము చెక్కులు తేల్చుకునే చోటికి, కాగితం వెళ్ళదు, దాని బొమ్మ వెళ్తుంది. అందుకే ఈ పద్ధతిలో దిద్దుబాట్లున్న చెక్కును తీసుకోరు. గడువు తీరిన తేదీని మళ్ళీ చెల్లేలా మార్చడానికి మాత్రం మినహాయింపు ఉంది గాని, కౌంటరులో వాదించడం కన్నా కొత్త చెక్కు తీసుకోవడం సుఖం. ఏడు కొత్త చెక్కుల కోసం ఆయన చుట్టూ మూడు వారాలు తిరిగాను.

అందుకని కరారు ఏ నెలలో జరిగినా జనవరి దాటే చెక్కులను విడిగా తీసి, సంవత్సరం గట్టిగా చదివిస్తాను. అంకెలు, అక్షరాలు ఒకటేనా, డబ్బు ఖాతాలోకే వెళ్ళేలా ఎడమ మూలన రెండు గీతలు పడ్డాయా, పేరు నా బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉందా అని చూస్తాను. పేరు దగ్గర నేను పడ్డ ఇబ్బంది వేరు. మావారు పోయేనాటికి ఆయన పేరు మీద రాసిన తొమ్మిది చెక్కులు బీరువాలో ఉన్నాయి. ఆ ఖాతా ఆయనొక్కరిదే. ఆ చెక్కులు ఇక ఎందుకూ పనికిరావని బ్యాంకులో చెప్పినప్పుడు కౌంటరు దగ్గరే కళ్ళనీళ్ళు తిరిగాయి. అద్దెకున్నవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. భార్యాభర్తలిద్దరి పేరా ఖాతా ఉంచుకుని, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా రాయించుకోండి. ఈ పని వాయిదా వేయకండి.

చెక్కు ఏ బ్యాంకుదో కూడా చూసుకోవాలి. మా జిల్లాలో చాలామందికి ఆంధ్రా బ్యాంకు ఖాతాలుండేవి. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ బ్యాంకులు కూడా 2025 మే 1న మన రాష్ట్రంలో ఒకటే బ్యాంకు అయ్యాయి. బ్యాంకులు కలిసిన తర్వాత పాత చెక్కు పుస్తకాలు కొంతకాలమే నడుస్తాయి. ఎప్పటిదో పుస్తకం అడుగున మిగిలిన చెక్కులు చింపి ఇస్తుంటే, ఆ పేరుతో బ్యాంకు ఇంకా ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

చివరగా ఒక తెల్లకాగితం మీద చెక్కు నంబరు, తేదీ, మొత్తం, ఏ నెల అద్దె అన్నది వరసగా రాసి ఇద్దరం సంతకం పెడతాం. ఒక ప్రతి వాళ్ళకు, ఒకటి నాకు.

తేదీ ఎవరి వీలును బట్టి

ఇంటివాళ్ళం సాధారణంగా చేసేదేమిటంటే, ప్రతి చెక్కు మీదా 1వ తేదీ వేయించుకుంటాం. అద్దె 1న రావాలని మన మనసు కోరుకుంటుంది. చెక్కుకు కావలసింది మాత్రం ఆ రోజున అవతలివారి ఖాతాలో డబ్బు. కాబట్టి నేను అడిగే మొదటి ప్రశ్న, "మీ ఖాతాలోకి డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది?"

మ్యాచింగ్ సెంటరు నడిపే ఆమె నన్ను పిన్నిగారూ అంటుంది. మొదట్లో ఆమె చెక్కులు 1వ తేదీవే. ఏడాదిలో మూడు తిరిగొచ్చాయి. మనిషి నిక్కచ్చి, వ్యాపారం బాగానే సాగుతోంది, మరెందుకిలా అని ఒకరోజు ఆమె లెక్కలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. నెలాఖరున అరువు మీద తెచ్చిన సరుకుకు డబ్బు కడుతుంది. 5న బండి లోను వాయిదా ఖాతాలోంచి దానంతటదే పోతుంది. 10న చీటీ కడుతుంది. నెల మొదట్లో జీతాలొచ్చిన ఇల్లాళ్ళు జాకెట్టు ముక్కలకూ, ఫాల్సుకూ వస్తారు. అంటే 5 దాటాక, 10 రాకముందు ఆమె ఖాతా నిండుగా ఉంటుంది. 7వ తేదీ అలా పుట్టింది. ఆ తర్వాత ఆమె చెక్కు ఒక్కటీ తిరిగి రాలేదు. అద్దె ఆరు రోజులు ఆలస్యంగా తీసుకుంటున్నానని మా చెల్లెలు వెక్కిరిస్తుంది. తిరిగొచ్చిన చెక్కుకు రెండు వైపులా బ్యాంకు కోసే రుసుము ఆవిడ ఎప్పుడూ కట్టలేదు లెండి.

స్టేషనరీ కొట్టుకు 12 కుదిరింది. పక్కనున్న కోచింగ్ సెంటర్లు నోట్సుల జిరాక్సు బిల్లులు 10కి తీరుస్తాయట. నెలనెలా జీఎస్టీ కట్టే వ్యాపారికి 20వ తేదీ గడువు. ఆ దగ్గరలో చెక్కు పెట్టుకుంటే కోరి తగువు తెచ్చుకున్నట్టే. అద్దెకున్నది ఉద్యోగస్థులైతే జీతం పడ్డ మర్నాడో ఆ మర్నాడో చాలు. అయితే ఏప్రిల్ 1న బ్యాంకులు వార్షిక లెక్కల కోసం సెలవు పాటిస్తాయి కాబట్టి ఆ ఒక్క నెలా రెండు రోజుల తర్వాతి తేదీ వేయించండి.

వ్యాపారాలకు నెలలే కాదు, రుతువులూ ఉంటాయి. శ్రావణ మాసంలో మా మ్యాచింగ్ సెంటరులో నిలబడడానికి చోటుండదు. మూఢం వస్తే ముహూర్తాలు లేక ఈగలు తోలుకోవాలి. స్టేషనరీకి జూన్ పండగ. పంచాంగం చూసి, మూఢం పడ్డ నెల చెక్కుకు నాలుగు రోజుల తర్వాతి తేదీ వేయించిన ఇంటి ఓనరును మా వీధిలో నేనొక్కదాన్నే. జ్యోతిషం మీద నాకు నమ్మకం తక్కువ. పెళ్ళిళ్ళు లేకపోతే జాకెట్టు గుడ్డ అమ్ముడుపోదన్నది మాత్రం నిజం.

తేదీ ఆదివారమో, రెండో లేదా నాలుగో శనివారమో అయితే కంగారు లేదు, తెరిచిన రోజున వేస్తే చాలు. శుక్రవారం వస్తే నేను సోమవారం దాకా ఆగుతాను. శుక్రవారం డబ్బు బయటికి పోకూడదని మ్యాచింగ్ సెంటరు ఆమె పట్టింపు. ఆ రెండు మూడు రోజులు ఆగినందువల్ల నాకు పోయేదేమీ లేదు.

వేసే రోజు

ముందు రోజు సాయంత్రం ఒక సందేశం పంపుతాను. "రేపు మీ చెక్కు వేస్తున్నాను, చివరి అంకెలు 214, మొత్తం 18,000." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ ఉండదు. ఈ సందేశం ఇదివరకు మర్యాద కోసం పంపేదాన్ని, ఇప్పుడు అవసరం కొద్దీ పంపుతున్నాను. 2025 అక్టోబరు 4కు ముందు చెక్కులు కట్టలుగా క్లియరింగుకు వెళ్ళేవి. ఇవాళ వేస్తే అవతలి ఖాతాలో రేపు కోసేవారు. వ్యాపారులు ఆ సందు చూసుకుని మర్నాడు పొద్దున్న డబ్బు జమ చేసేవారు. ఆ తేదీ నుంచి రిజర్వ్ బ్యాంకు పద్ధతి మార్చింది. పగలు క్లియరింగు వేళల్లో వచ్చిన చెక్కు వచ్చినట్టే స్కాన్ అయి వెళ్తుంది. అవతలి బ్యాంకు ఆ రాత్రి 7 గంటల లోపు అవుననో కాదనో చెప్పాలి. చెప్పకపోతే అవునన్నట్టే లెక్క. కాబట్టి "రేపు జమ చేస్తాను కదా" అన్న వెసులుబాటు పోయింది. ఈ సంగతి అద్దెకున్నవారికి మీరే చెప్పండి.

చెక్కును డ్రాప్ బాక్సులో పడేయను. కౌంటరులో ఇచ్చి స్లిప్పు సగం మీద ముద్ర వేయించుకుంటాను. అలా అడిగే హక్కు మనకుందని చాలామందికి తెలియదు. డబ్బా ఉంది కదా అందులో వేయండి అని చెయ్యి చూపిస్తారు. నవ్వుతూ నిలబడితే చివరికి ముద్ర పడుతుంది. చెక్కు వెనక నా ఖాతా నంబరు, ఫోను నంబరు రాస్తాను. ఇంటికొచ్చి పుస్తకంలో వేసిన తేదీ, జమ అయిన తేదీ పక్కపక్కన రాసుకుంటాను.

చెక్కు మీది తేదీకి ముందే వేయకండి. అది తిరిగొస్తుంది, తప్పు మనదే అవుతుంది. రెండు చెక్కులు ఒకే రోజున అసలే వేయకండి. మా అమ్మాయి పురుడుకు డాలస్ వెళ్ళి రెండున్నర నెలలకు తిరిగొచ్చిన మర్నాడే, నిద్ర మత్తు వదలకముందే, మ్యాచింగ్ సెంటరు చెక్కులు రెండూ ఒకేసారి వేశాను. ఒక నెల అద్దెకే ఆమె ఖాతాలో డబ్బుంది. రెండో చెక్కు తిరిగొచ్చింది. "ఇన్నాళ్ళు వేయకుండా ఊరుకుని, చెప్పకుండా రెండూ ఒకేసారి వేస్తే ఎలా పిన్నిగారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రుసుము నేనే ఇచ్చుకున్నాను. ఇప్పుడు ఊరు వెళ్ళేటప్పుడు స్లిప్పులు నింపి, తేదీల వారీగా కవర్లలో పెట్టి, పక్కింటి అన్నయ్యగారికి ఇచ్చి వెళ్తాను.

ఇక అన్నిటికన్నా కష్టమైన మాట, "ఈ ఒక్కసారికీ ఆగండి." ఆగవచ్చు. నేనూ ఆగుతాను. కాని ఎన్నాళ్ళో చెప్పమంటాను, చెప్పిన తేదీ ఫోనులో రాసి పంపమంటాను, ఆ తేదీ మాత్రం దాటనివ్వను. ఎందుకంటే చెక్కు ఆయుష్షు దాని మీది తేదీ నుంచి మూడు నెలలే. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండేది. మా తరంవాళ్ళకు ఆ ఆరు నెలల మాట ఇంకా తలలోంచి పోలేదు. ఏడు చెక్కులు మార్చి ఇచ్చిన ఆ స్టేషనరీ ఆయనే తర్వాతి ఏడాది "కాస్త ఆగండి టీచరుగారూ" అంటూ నాలుగు నెలలు నడిపారు. పిల్ల పెళ్ళి అన్నారు, నిజంగానే పెళ్ళి జరిగింది, నేను వెళ్ళి అక్షింతలు కూడా వేసి వచ్చాను. ఆయన కొట్టు ఖాళీ చేసేనాటికి మొదటి చెక్కు మురిగిపోయింది. అడ్వాన్సు సరిపెట్టుకోగా ఒక నెల అద్దె, 14 వేలు, పోయింది. అద్దె బాకీ చెరిగిపోదు నిజమే, దావా వేయవచ్చు. 14 వేల కోసం ఎవరు వేస్తారు?

తిరిగొస్తే

బ్యాంకు ఇచ్చే మెమోలో కారణం చదవకుండా కోపం తెచ్చుకోకండి. సంతకం తేడా అంటే చాలాసార్లు తొందరలో పెట్టిన సంతకమే. ఆ ఒక్క చెక్కు మార్చి తీసుకుంటే సరి. డబ్బు చాలలేదని వస్తే ఫోను చేసి, ఎప్పుడు పడుతుందో కనుక్కుని, మూడు నెలల గడువు లోపల మళ్ళీ వేయవచ్చు. మళ్ళీ వేస్తే కేసు పెట్టే హక్కు పోతుందని ఒకప్పుడు భయపడేవారు. మళ్ళీ వేసి, రెండోసారి తిరిగొచ్చినప్పుడు కూడా కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. చెల్లింపు ఆపమన్నారనో, ఖాతా మూసేశారనో వస్తే మాత్రం మంచితనం పక్కన పెట్టండి.

అప్పుడు లెక్కించవలసిన రోజులివి. మెమో అందిన రోజు నుంచి 30 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు వాళ్ళకు గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో అది 138వ సెక్షను. రెండేళ్ళ దాకా జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2015 సవరణ తర్వాత కేసు మన ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోనే నడుస్తుంది కాబట్టి అద్దెకున్నవారు ఊరు మారినా మనం వాళ్ళ వెంట పరుగెత్తనక్కరలేదు. మెమో చేతికి రాగానే దాని వెనక పెన్సిలుతో 30వ రోజు తేదీ వేసుకోండి. నేను ఒక్కసారి నోటీసు దాకా వెళ్ళాను. పదకొండో రోజున డబ్బు జమ అయింది.

ఖాళీ చేయమన్నాక వచ్చే చెక్కు

ఇక్కడ చెక్కు వేయడమే తప్పయ్యే సందర్భం ఒకటుంది. ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు, గడువు తీరింది, వాళ్ళు కదలలేదు, డబ్బాలో తర్వాతి నెల చెక్కు ఉంది. 12వ తేదీ రాగానే అలవాటు కొద్దీ వేసేస్తాం. నోటీసు గడువు తీరాక వచ్చిన కాలానికి అద్దె పుచ్చుకుంటే ఆ నోటీసును వదులుకున్నట్టేనని అవతలి వకీలు వాదిస్తాడు. ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షనులో ఉదాహరణే అలా ఉంది. అద్దె తీసుకున్నంత మాత్రాన చాలదు, వదులుకునే ఉద్దేశం ఉండాలని కోర్టులు అంటాయి గాని, ఆ వాదనకు చోటెందుకివ్వాలి? ముందుగా ఒక ఉత్తరం రాయండి. "ఇది అద్దెగా కాదు, ఖాళీ చేసేదాకా స్థలం వాడుకున్నందుకు పరిహారంగా, నా హక్కులేవీ వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని. వకీలుకు చూపించి, అది పంపాకే చెక్కు వేయండి.

మార్చి చెక్కు ఏప్రిల్‌లో వేస్తే పన్ను వచ్చే ఏడాదికి పోతుందని మా వీధిలో ఒకాయన గట్టిగా నమ్ముతారు. పోదు. ఇంటి అద్దె ఆదాయానికి అందిన అద్దే కాదు, అందవలసినది కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద అద్దెలున్నవారికి మరో మాట. నెలకు 50 వేలు దాటితే అద్దెకున్నవారు అందులోంచి టీడీఎస్, అంటే ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, మినహాయించవలసి రావచ్చు. కరారు రోజునే చెక్కు మొత్తం ఎంతో తేల్చుకోండి.

కొట్టు మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన చెక్కులు మన దగ్గర ఉంచుకోకూడదు. బాకీ లేని నెలకు చెక్కు వేయడం తప్పు, తిరిగొచ్చినా కేసు నిలవదు. తాళాలు తీసుకునే రోజున పాత జాబితా బయటికి తీసి, ఒక్కొక్క నంబరుకూ టిక్కు పెడుతూ చెక్కులు వాపసు ఇచ్చి, అందాయని కింద సంతకం తీసుకుంటాను. మొన్న ఖాళీ చేసిన స్టేషనరీ అబ్బాయి నాలుగు చెక్కులూ నా ఎదుటే నిలువునా, అడ్డంగా చించాడు. చెత్తబుట్ట చూపిస్తే వద్దన్నాడు. ముక్కలన్నీ రుమాలులో మూటగట్టి జేబులో పెట్టుకుని, తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.